కట్ట ఎత్తు ఎంత? మా ఊరి చెరువు డైరీ

ఫిబ్రవరి 9, 2025, ఆదివారం

పొద్దున్నే ఆటో లెవల్ (ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణి) భుజాన వేసుకుని కట్టెక్కితే బర్రెలు తోలుకుపోతున్న మామ ఎదురొచ్చాడు. "ఏందిరా, కట్ట కొలిచి ఎవరికి రిజిస్ట్రేషన్ చేయిస్తావు?" ఆయన అనుమానం ఆయనది. మా వైపు స్టాండు మీద లెవల్ కనిపించిందంటే ఎక్కడో ప్లాట్లు పడుతున్నాయనే లెక్క.

ఈ పని ఎందుకు పెట్టుకున్నానో ముందు రాసుకుంటా, తర్వాత మర్చిపోతాను. మా ఊరు ఖమ్మం జిల్లాలో, మధిర వైపు. ఊరి చెరువుది మట్టికట్ట. 2024 జులైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడి కింద ఊళ్లలోకి నీళ్లొచ్చాయి. ఏడు వారాలు తిరక్కుండానే, సెప్టెంబరు 1న, మున్నేరు ఖమ్మం పట్టణంలోకి వచ్చింది. ఆ వానకు చుట్టుపక్కల ఎన్నో చెరువులు తెగాయి. మాది తెగలేదు. ఆ రాత్రి వదిన ఫోన్ చేసింది: "నీళ్లు కట్ట అంచుకు జానెడు కిందున్నాయంట. మేం ఇంట్లో ఉండాలా, పిల్లల్ని తీసుకుని బడికాడికి పోవాలా?" వాళ్ల ఇల్లు కట్ట కింద కొత్త కాలనీలో. నేను హైదరాబాదులో కూచుని కాంక్రీటు పనుల డ్రాయింగులు గీసేవాణ్ని. డిప్లొమా సివిల్, పదకొండేళ్ల ఉద్యోగం. ఏమీ చెప్పలేకపోయాను. మా కట్ట ఎత్తెంతో, అలుగు (చెరువు నిండాక మిగులు నీళ్లు పారే గోడ) ఎంత వరద మోస్తుందో నాకు తెలీదు.

అందుకని ఆదివారాలు దీనికి. చూడాల్సింది ఒక్కటే: మన చెరువు ఏ వర్గం కిందకి వస్తుంది, ఆ వర్గం ఇచ్చే భరోసా ఎంత.

ఇవాళ టేపు పట్టి పొడవు కొలిచాం. 586 మీటర్లు. తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి) పైబండను బెంచ్‌మార్కుగా పెట్టుకుని దానికి 100.000 అని రాసుకున్నా, మిగతా మట్టాలన్నీ దాన్నుంచి మీటర్లలో. ముత్యాలమ్మ గుడి దగ్గర కట్ట ఎత్తు 6.9 మీటర్లు. అంతేనా అనిపించింది. స్టాఫ్ (కొలత గీతల కర్ర) పట్టుకున్న మా మేనల్లుడు ఎండకు విసిగి వెళ్లిపోయాడు. నీళ్ల మట్టం 97.90.

మార్చి 2

గుడి దగ్గర కొలవడం నా తెలివితక్కువ. మట్టికట్ట ఎత్తు చూడాల్సింది పాత వాగు దారిలో, ఎక్కడ నేల అన్నిటికంటే పల్లమో అక్కడ. ఆ చోటు నీరటి తాత చూపించాడు. నలభై ఏళ్లు తూము తిప్పిన మనిషి. కట్ట వెనక సర్కారు తుమ్మ ఎంత పెరిగిందంటే, ఇద్దరు కూలీలు పూట కొట్టినా స్టాఫ్ నిలబెట్టేంత చోటే దొరికింది. కట్ట పైభాగం 102.640. కింద నేల 93.290. తీసేస్తే 9.35.

గుడి దగ్గర 6.9, ఇక్కడ 9.35. ఒకే కట్ట.

ఈ తేడా గురించి ఇంత ఆగడానికి కారణం ఉంది. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన ప్రతి కట్టనూ నిర్దేశిత ఆనకట్ట అంటుంది. 10 నుంచి 15 మధ్య ఉంటే ఇంకో షరతు కలవాలి: పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం, లేదా పది లక్షల ఘనపు మీటర్ల నిల్వ, లేదా రెండు వేల క్యూమెక్కుల (సెకనుకు ఘనపు మీటర్లు) వరద, లేకపోతే పునాదిలో చిక్కు, డిజైనులో విడ్డూరం. మా కట్ట పొడవు ఎలాగూ 500 దాటింది. అంటే 65 సెంటీమీటర్ల దూరంలో చట్టం ఉంది. అటు వైపుంటే వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ, రిజిస్టరు, అత్యవసర ప్రణాళిక. ఇటు వైపుంటే నీరటి తాత. దేశం మొత్తమ్మీద నిర్దేశిత జాబితాలో ఉన్నవి ఆరు వేల పైచిలుకు. తెలంగాణలో మిషన్ కాకతీయ లెక్కగట్టిన చెరువులు, కుంటలే 46 వేల పైచిలుకు. వీటిలో దాదాపు అన్నీ జాబితా బయటే.

ఇవాళే ఇంకోటి కనిపించింది. తూముకు పన్నెండు మీటర్ల అవతల, కట్ట అడుగున, తుంగ పచ్చగా మొలిచింది. చుట్టూ ఎండిపోయి ఉంటే అక్కడ మాత్రం కాలు దిగబడుతోంది. ఊట. చిన్న కాలవ చెక్కి పది లీటర్ల బకెట్టు పెట్టాం. నిండడానికి 26 సెకన్లు. నీళ్లు తేటగానే ఉన్నాయి. మట్టికట్ట అన్నాక ఎంతో కొంత ఊరుతుంది, ఊరడం జబ్బు కాదు. నీళ్లతో పాటు మట్టి కూడా వస్తుంటే లోపల బుంగ తయారవుతున్నట్టు. అందుకే ఒక సీసాలో పట్టి ఇంట్లో కదపకుండా పెట్టాను. తెల్లారి చూస్తే అడుగున ఏమీ పేరలేదు.

పోరుమామిళ్ల చెరువు శాసనం గుర్తొచ్చింది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించినది. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెప్పి, చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు రాశారు. వాటిలో మొదటిది కట్ట నుంచి నీరు కారడం. నాకు కాలేజీలో ఎర్త్ డ్యాముల పాఠం మొదలైందీ అక్కడే.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని అలుగు దగ్గరికి పోయాను. పండగపూట ఏం పని అని నాన్న కసిరాడు గానీ ఆయనా వెంట వచ్చాడు.

పాత చెరువు రికార్డు నకలు వారం కింద చేతికొచ్చింది. అలుగు పొడవు 42 మీటర్లు, మీద రెండున్నర అడుగుల నీళ్లు పారేట్టు కట్టారు. లెక్క వేస్తే సుమారు 1,600 క్యూసెక్కులు (సెకనుకు ఘనపు అడుగులు). గరిష్ఠ కట్ట ఎత్తు 28 అడుగులని ఉంది, అంటే ఎనిమిదిన్నర మీటర్లు. తర్వాత రోడ్డు పనికీ మరమ్మతులకీ కట్ట మీద మట్టి పడింది గదా, పెరిగి ఉంటుంది. నిల్వ 31 ఎంసీఎఫ్‌టీ, అంటే 3.1 కోట్ల ఘనపు అడుగులు, దగ్గర దగ్గర 8.8 లక్షల ఘనపు మీటర్లు.

కాగితం మీద 42 మీటర్లు. ఇప్పుడు ఒక పక్క ట్రాక్టర్లు దిగడానికి మొరం పోసి ర్యాంపు చేశారు, పారేది 36 మీటర్లే. మిగిలిన దాని మీద అడుగెత్తున రాళ్లు, బస్తాలు. ఇది కొత్త సంగతి కాదు. రబీకి నాలుగు తడులు ఎక్కువ దొరుకుతాయని ఆయకట్టు రైతులు పేరుస్తారు, చేపలు కొట్టుకుపోకుండా వల కట్టుకోవడానికి చేపలవాళ్లకూ అవి కావాలి. ఎవరి అవసరం వాళ్లది, ఎవరూ చెడ్డవాళ్లు కాదు. నాన్న కూడా ఒకప్పుడు పేర్చినవాడే. ఆ మాట ఇవాళ ఆయనే చెప్పాడు.

అలుగు గోడ చివర తుమ్మకొమ్మల్లో ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు ఒకే గీతలో చిక్కుకుని ఉన్నాయి. సెప్టెంబరు వరద గీసిన గీత అది. లెవల్ పెట్టి చదివితే 101.93. కట్టకు అన్నిటికంటే పల్లంగా ఉన్నది బండ్లు ఎక్కిదిగే చోటు, అక్కడ పైమట్టం 102.18. పావు మీటరు తేడా. వదిన చెప్పిన జానెడు సరిగ్గా జానెడే.

ఏప్రిల్ 13

ఎండ. ఊరికి పోలేదు. గదిలో కూచుని లెక్కలు.

అలుగు పైమట్టం 100.85. రాళ్లతో 101.15. ఆ రాత్రి నీళ్లు 101.93 దాకా వచ్చాయంటే, 36 మీటర్ల వెడల్పులో పోయింది సుమారు 1,450 క్యూసెక్కులు. అంటే కట్ట ప్రాణాల మీదకి తెచ్చిన వరద, అలుగు కట్టినవాళ్లు అనుకున్న 1,600 కంటే తక్కువ! రాళ్లూ ర్యాంపూ లేకపోతే అదే వరద 101.55 మట్టంలో పోయేది. పదిహేను అంగుళాలు కిందగా. వదిన ఫోన్ చేసేదే కాదేమో.

మరి రావలసిన వరద ఎంత? మా చెరువు పరీవాహకం 18 చదరపు కిలోమీటర్లు. మద్రాసు ఇంజనీర్ల కాలం నుంచి వస్తున్న రైవ్స్ సూత్రంలో తీరానికి మా అంత దూరానికి వాడే గుణకం 8.5 పెడితే 2,060 క్యూసెక్కులు. డికెన్స్ సూత్రంలో 14 పెడితే 4,320. ఒకే చెరువు, ఒకే వాన, రెట్టింపు తేడా. ఇవి రెండూ మబ్బు తీరు చూడవు, విస్తీర్ణం అడిగి అంకె చెబుతాయి. నూరేళ్ల వరద, అంటే ఏ ఏడైనా నూటికి ఒక వంతు రావడానికి వీలున్నంత పెద్దది, నిజంగా తేల్చాలంటే వాన రికార్డులు తీసుకుని హైడ్రోగ్రాఫ్ (ఏ గంటకు ఎంత నీరొస్తుందో చూపే గీత) వేయాలి. అది నా ఆదివారాల్లో అయ్యేది కాదు. కానీ నాకు కావలసింది వేరే: పల్లపు చోటు మీంచి నీళ్లు పొర్లకుండా మా అలుగు ఎంత మోయగలదు? శుభ్రంగా ఉంటే 3,775. రాళ్లతో, ర్యాంపుతో 2,200. రైవ్స్ వరదకు కూడా అంచున నిలబడ్డట్టు.

మట్టికట్ట మీంచి నీళ్లు పొర్లాయంటే ఇక ఆపడానికి ఏమీ ఉండదు. కాంక్రీటయితే కాసేపు భరిస్తుంది. మట్టి వెనకవాలు నుంచి కోసుకుంటూ పైకొస్తుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులో జరిగింది అదే. నీళ్లు మట్టికట్ట ఎక్కి దాటాయి, కట్ట పోయింది, కింద ఊళ్లు పోయాయి.

మే 11

చెరువు అడుగంటింది. ఈ వాటం కోసమే ఆగాను. నీళ్లున్నప్పుడు కట్ట పాదం దగ్గర గుంట తవ్వడమంత మొండిపని ఇంకోటి లేదు, ఊటకు మనమే దారి చూపినట్టవుతుంది. నీళ్లు పూర్తిగా కిందకి పోయాక, కట్టకు ఆరు మీటర్లు ఎడంగా, పాత వాగు దారిలో మూరెడు వెడల్పు గుంట తవ్వించాను.

పైన మొరం, పగిలిన ఇటుకలు, ఒక హవాయి చెప్పు. ఇళ్ల జాగాలు చదును చేసినప్పుడు పోసిన మట్టి ఇది. తొంభై సెంటీమీటర్లు దిగాక గడ్డపార చప్పుడు మారింది. కింద వాగు ఇసుక, గులకరాళ్లు. తాత వంగి ఇసుక చేతిలోకి తీసుకుని "ఇదే వాగు. మా చిన్నప్పుడు దీంట్లో చెలమ తీసుకుని తాగేవాళ్లం" అన్నాడు. మట్టం చదివాను: 92.39. కట్ట పైనుంచి 10.25 మీటర్లు.

ఆ నిమిషం చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశానని ఒప్పుకోవాలి. పది దాటింది! చట్టం ఎత్తును పునాది ప్రాంతంలో అన్నిటికంటే కింది చోటు నుంచి కొలవమంటుంది, ఇళ్ల జాగాల మట్టి మీంచి కాదు. అయితే నాది ఒక్క గుంట, అదీ కట్ట కింద కాదు, పక్కన. కట్ట అడుగున ఇసుకే ఉందో, అప్పుడు తీసేసి రేగడి నింపారో బోరు వేస్తేగానీ తేలదు. గుంట సాయంత్రానికి పూడ్చి, తడిపి, దిమ్మిసతో కొట్టించాను.

నీళ్లు లేవు కాబట్టి కట్ట లోపలి వాలంతా తిరిగి చూశాం. రాతి పేర్పు మూడుచోట్ల జారింది. చెదపుట్టలు తొమ్మిది. ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొరియలు లెక్కపెట్టలేదు. ఎండ్రకాయలంటే గుర్తొచ్చింది: 2019 జులైలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా తివరే కట్ట తెగి ఊళ్లో జనం కొట్టుకుపోతే, అప్పటి మంత్రి ఒకాయన తప్పు పీతలదన్నాడు. దేశమంతా నవ్వింది. బొరియలు మట్టికట్టకు చేటన్నది అబద్ధం కాదు, ఏ ఇంజనీరైనా ఒప్పుకుంటాడు. కానీ కట్ట కారుతోందని ఊరివాళ్లు ముందే మొత్తుకున్నారు. పీతలు అర్జీ పెట్టలేవుగా.

జూన్ 1

కాలనీలో తిరిగి ఇళ్లు లెక్కపెట్టాను. కట్ట నుంచి నాలుగు వందల మీటర్ల లోపు 64 ఇళ్లు, ఒక అంగన్‌వాడీ. వాగు దారిలోనే, ఎందుకంటే ఖాళీగా కనిపించిన జాగా అదొక్కటే.

ఇన్నాళ్లూ నేను తప్పు ప్రశ్న వెంట పడ్డానేమో అని ఇవాళ అనిపించింది. కొలతల వర్గీకరణకు ఐ.ఎస్. (భారతీయ ప్రమాణం) 11223 అని కోడ్ ఉంది. అందులో ఐదు లక్షల నుంచి కోటి ఘనపు మీటర్ల దాకా నిల్వ ఉంటే అది చిన్న ఆనకట్ట, నూరేళ్ల వరదకు తట్టుకుంటే చాలు. మాది 8.8 లక్షలు, కాబట్టి "చిన్న". కానీ అదే కోడ్ ఇంకో మాట కూడా అంటుంది: తెగితే కింద నష్టం మరీ ఎక్కువయ్యే చోట ఇంతకంటే పెద్ద వరద తీసుకోవచ్చని. ఆ వాక్యం దాకా ఎవరూ చదవరు, పట్టిక చూసి మూసేస్తారు. నేనూ మూసేసినవాణ్నే.

కేంద్ర జలసంఘం చేసిన ప్రమాద వర్గీకరణ ఇంకో దారిలో పోతుంది. నాలుగు తరగతులు. కట్ట ఎంత గట్టిదన్నది అందులో చూడరు. తెగితే ఎందరు పోతారు, ఎంత ఆస్తి పోతుంది, చుట్టుపక్కల ఏమవుతుంది, అదే చూస్తారు. అమెరికావాళ్ల పద్ధతిలోనైతే ఒక్క ప్రాణం పోయే వీలుందంటే చాలు, అది పై తరగతే. ఈ చూపుతో చూస్తే కట్ట మీద పార మట్టి వేయకుండానే మా చెరువు తరగతి పెరిగింది. ఇరవై ఏళ్ల కింద దాని వెనక ఉన్నది వరి. ఇప్పుడున్నది వదిన వాళ్ల వంటిల్లు.

రాత్రి ఒక లెక్క వేశాను, వేయకపోయినా బాగుండేది. 1995 నాటి ఫ్రోలిచ్ సూత్రంలో మా నిల్వ, నిండు చెరువు లోతు పెడితే గండి నుంచి వచ్చే గరిష్ఠ ప్రవాహం 15,000 క్యూసెక్కుల దరిదాపు. అలుగుకు అనుకున్నదానికి తొమ్మిది రెట్ల పైన. మొదటి వరస ఇళ్లకు దూరం 90 మీటర్లు. వదినకు ఈ అంకె చెప్పలేదు. ఆమె అడిగింది కూడా అంకె కాదు గదా, ఇంట్లో ఉండాలా పోవాలా అని.

కొలతలు, ఫోటోలు, గుంట వివరం కలిపి ఆరు పేజీల అర్జీ ఇచ్చాను.

జూన్ 22

నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు వచ్చారు. ఇంకా ముప్పై దాటని మనిషి, ఆయన కింద నూట పది పైన చెరువులున్నాయట. నా ఆరు పేజీలూ చదివే వచ్చారు. 10.25 మీద ఇద్దరం కట్ట మీదే అరగంట వాదించుకున్నాం. "అన్నా, మీ గుంట పాదానికి అవతల. రేపు నేను ఇది నిర్దేశిత ఆనకట్ట అని రాస్తే పైనుంచి మొదటి ప్రశ్న అదే." న్యాయమైన మాటే. వానలు తగ్గాక టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే ఎలక్ట్రానిక్ యంత్రం), బోరు పెట్టి తేలుద్దామన్నారు. ఆ లోపు చట్టంతో పనిలేనివి చేద్దామన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

పల్లపు చోటు పూడ్చడం అందులో మొదటిది. మొరం ట్రాక్టర్లు రైతులే పెట్టుకున్నారు. ఒకేసారి కుప్ప పోసి చదును చేయబోతే ఏఈ గారే ఆపారు. పాత మట్టి గీరి, తడిపి, జానెడు మందం చొప్పున మూడు పొరలు, ఒక్కో పొరకు రోలర్. పక్కూరి రోడ్డు పని రోలర్ పూటకు దొరికింది. 46 సెంటీమీటర్ల లోటులో 44 పూడింది. లెవల్ పెడితే 102.62. కట్ట మీద ఇక జానెడు పల్లం లేదు.

అలుగు రాళ్ల దగ్గరే అసలు పంచాయితీ. గంటన్నర. చివరి మడి రైతు ఒకాయన లేచి "కాలనీవాళ్లు వాగులో ఇళ్లు కట్టుకుంటే మా తడి ఎండాలా?" అన్నాడు. ఎవరూ బదులివ్వలేదు, నేనూ ఇవ్వలేదు. చివరికి నీరటి తాత తేల్చాడు: సెప్టెంబరు నెలాఖరు దాకా రాయి ఉండకూడదు, వానలు వెనక్కి తగ్గాక ఒక వరస బస్తాలు, అంతే. వల కట్టుకోవడానికి రాళ్ల బదులు ఇనుప గుంజలు, జాలీ పెద్ద కళ్లది. ర్యాంపు మాత్రం కదల్లేదు. "పంట వచ్చాక చూద్దాం" దగ్గర ఆగింది.

జులై 20

తూము గోడ మీద తెల్లరంగు కొట్టి నల్లగీతలతో గేజీ రాశాం. 100.85 దగ్గర ఎర్రగీత, అది అలుగు మట్టం. 101.50 దగ్గర ఇంకో ఎర్రగీత. నీళ్లు అక్కడికొస్తే అడగడం, చూడటం ఏమీ లేదు, మొదటి రెండు వరసలూ బడికి. బడి గట్టు మీద ఉంది, గుమ్మం మట్టం కట్ట కంటే ఎత్తు, అదీ లెవల్ పెట్టే చూశాను. వదిన గోడ మీద క్యాలెండరు పక్కన ఈ అంకె రాసుకుంది. రాత్రిపూట గేజీ ఎవరు చూడాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. తాతకు చూపు ఆనదు. చేపలవాళ్ల కుర్రాడొకడు ఒప్పుకున్నాడు, టార్చి లైటు కొనిస్తే.

చెట్లు సగం కొట్టారు. పెద్ద తుమ్మల్ని మొదలంటా పీకొద్దని చెప్పాను, వేరు పోయిన చోట బొక్క మిగులుతుంది. నరికి వదిలేసి, వేసవిలో ఒక్కొక్కటే తీసి నింపుకోవాలి.

ఊట మళ్లీ మొదలైంది. పది లీటర్లకు 31 సెకన్లు, తేటగా ఉంది. సీసా పట్టాను. వెళ్తూ అలుగు మీదుగా పోతే తూర్పు చివర రెండు రాళ్లు, కొత్తవి. తీసి కింద పడేశాను. ఎవరు పెట్టారని అడగలేదు.

గేజీ, సాయంత్రం ఆరింటికి: 98.35. పడమర మబ్బు.